ఎనిమిది మంచాలు

హల్ అని ఈ ఊరి పేరు.
మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది,
అచ్చు తోడు లేకపోతే పలకలేని ఊరా అని.

హంబర్ నది పోటెత్తితే
ఏ వీధి మునుగుతుంది, ఎన్నింటికి, ఎంత లోతున
అని ముందే చెప్పే ప్రోగ్రాం మాది.
కొత్త మెషీన్ వచ్చింది. "కోర్లెన్ని నీకు?" అనడిగితే
పదహారు, అంది తడుముకోకుండా.
నమ్మి, పదహారుమందికీ నీళ్లు పంచిపెట్టాను.
ఎనిమిదే ఉన్న నిరుటి పాత మెషీన్ కన్నా
పదకొండు నిమిషాలు ఆలస్యంగా మునిగింది హెసిల్ రోడ్డు.

డెరెక్ ఆడ్లార్డ్ కళ్లద్దాలు నుదుటికెత్తి
"మనుషులు ఎక్కువ, పని తక్కువ.
మా నాన్న పనిచేసిన చేపల రేవు ఇలాగే ఉండేది" అన్నాడు.

నేనుండే గది బెవర్లీ రోడ్డులో, చిప్స్ కొట్టు మీద.
తలుపు మీద రెండు పేర్లు.
లోపల మంచం ఒక్కటే.
రాత్రి ఎనిమిదికి సలోమి చేపల ఫ్యాక్టరీకి దిగిపోతుంది,
పొద్దున తను మెట్లెక్కే వేళకి నేను బస్సుకి పరిగెడతాను.
దుప్పటి నాది, దిండు తనది,
పరుపులో పడ్డ గుంట ఇద్దరిదీ.
ఇంటాయన పుస్తకంలో మాత్రం మేం ఇద్దరం, అద్దెలు రెండు.
ఆరు నెలల్లో మేం మాట్లాడుకున్నదంతా మెట్ల మీదే:
కూర మిగిల్చాను.
గీజర్ మళ్లీ పోయింది.

ఆగస్టు ఆఖరి సోమవారం బ్యాంకు సెలవు.
ఇద్దరికీ ఆ రాత్రే ఖాళీ, ఇద్దరికీ నిద్రే కావాలి.
ఎవరు ఒత్తిగిలినా ఇంకొకరు గోడకి తగిలారు.
మోచెయ్యి ఎవరిదో తెలియదు,
దుప్పటి మాత్రం ఎప్పుడూ అటువైపే.
మూడింటికి సలోమి లేచి టీ పెట్టింది.
"మనం ఇద్దరం కాదు భ్రమరా," అంది,
"మహా అయితే ఒకటింబావు."

మర్నాడు అడిగే తీరు మార్చాను.
ఎంతమంది అని కాదు,
ఎక్కడ పడుకుంటారు అని.
ఒక్కొక్కదాన్నీ పిలిచి
నీ చిప్ నంబరేంటి, నీ కోర్ నంబరేంటి?
సున్నా, ఎనిమిది ఒకే చోటు చెప్పాయి.
ఒకటీ తొమ్మిదీ అంతే.
విన్న విలాసమే మళ్లీ వినపడితే కొట్టేశాను.
పదహారు పేర్లూ పిలిచాక
ఎనిమిది మంచాలు మిగిలాయి.
అద్దెకు తెచ్చిన సర్వర్ల దగ్గర ఈ మాటా చెల్లదు,
ఇంటాయన ఏం నేర్పితే అవి అదే అప్పజెబుతాయి.

"అయితే తక్కిన ఎనిమిదీ అబద్ధమా?" అన్నాడు డెరెక్.

మూడో తరగతి వేదవతి టీచరు గుర్తొచ్చింది.
లెక్క అనే మాటలో అక్షరాలెన్నే అంటే
వేళ్లు మడిచి మూడన్నాను.
రెండే, అంది. కింద వేలాడేది ఒత్తు, దానికి వేరే వేలు లేదు.
ఈ కంప్యూటర్ అదే మాటకి ఐదంటుంది.
ఎవరి లెక్క వాళ్లది.
కానీ ఆ ఒత్తు తీసేసి చదవండి,
లెక, అని ఏదో మిగులుతుంది, దేనికీ పనికిరాకుండా.

ఇదంతా అతనికి ఏ భాషలో చెప్పను?
అబద్ధం కాదు డెరెక్, అన్నాను.
ఒకటి జ్ఞాపకం కోసం కాచుకు కూర్చున్నప్పుడు
ఆ చేతుల్తోనే రెండోది పని చేసుకుంటుంది.
ఇద్దరికీ ఒకేసారి చేతులు కావాలంటేనే పేచీ.
మన నీళ్లకి ఎప్పుడూ చేతులే కావాలి.

ఎనిమిదితో వదిలాం.
హెసిల్ రోడ్డు వేళకి మునిగింది, తెర మీద.
బయట ఎండగానే ఉంది.

సాయంత్రం మెట్ల మీద సలోమి,
జాకెట్ నిండా హాడాక్ వాసన.
"పరుపు తిరగేశాను, గుంట అటుపోయింది" అంటూ
రెండేసి మెట్లు దిగిపోయింది.

పడుకున్నాను.
నిజంగానే గుంట లేదు.
ఎటు ఒత్తిగిలాలో తెలియక
చాలాసేపు మధ్యలోనే ఉన్నాను.